అంతర్జాలంలో సద్గ్రంథ పఠనం

గత మాఘమాసంలో ఒక దాత తమ తల్లిగారి సంవత్సరీకాన్ని పురస్కరించుకొని శ్రీవిష్ణుసహస్రనామ స్తోత్రాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించి, భక్తులకు ఉచితంగా పంచవలసినదిగా కోరుతూ 500 ప్రతులను మన కార్యాలయానికి అందజేశారు. కాగితం మేలైనది, అక్షరాలు పెద్దవి, ముఖచిత్రం కన్నులకు ఇంపుగా ఉన్నది. ఏకాదశి నాటి పారాయణకు వచ్చిన ఒక వృద్ధమాత ఆ పుస్తకాన్ని అందుకొని నాలుగైదు పుటలు చదివి ఆగిపోయారు. “ఇక్కడ ‘అ’ పోయింది నాయనా” అన్నారు. చూడగా, ‘అమృత్యుః’ అని ఉండవలసిన నామం ‘మృత్యుః’ అని అచ్చయింది. మరణం లేనివాడని స్వామిని కీర్తించే నామం, ఒక్క అక్షరం జారిపోవడంతో మృత్యువుగా మారింది.

ఆ దాతకు ఈ విషయం తెలిపినప్పుడు వారు ఎంతో నొచ్చుకున్నారు. బంధువుల వాట్సాప్ బృందంలో వచ్చిన పాఠాన్ని వారు ముద్రణాలయానికి పంపారు. అక్కడివారు దానిని ఉన్నది ఉన్నట్లుగా పుటలలో అమర్చారు. మధ్యలో ఎవరూ దానిని అచ్చుపుస్తకంతో సరిచూడలేదు. మన సేవకులు 500 ప్రతులలోనూ నల్లసిరా కలంతో అకారం చేర్చిన తరువాతనే పంపిణీ జరిగింది. ఆ పనికి రెండు సాయంకాలాలు పట్టింది.

ఈ వ్యాసం వ్రాయడానికి ఆ సంఘటనయే కారణం. ఇంట పుస్తకాల బీరువా లేనివారి చేతిలో కూడా నేడు ఫోన్ ఉన్నది. దర్శనానికి వరుసలో నిలిచినవారు, సత్రం వరండాలో విశ్రమించినవారు ఏదో ఒకటి అందులో చదువుతూనే ఉంటారు. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో, చదువు ముగించుకొని ఇంటికి వెళ్ళే శిష్యునికి ఆచార్యుడు సత్యం, ధర్మం అనే రెండింటి తరువాత వెంటనే చెప్పినది స్వాధ్యాయమే. చదువవలెనన్న కోరిక భక్తులలో ఉన్నది. చదువదగినవి ఎక్కడ ఉన్నవో తెలియక, తమంతట తాము వచ్చి చేరినవాటినే చదువుతున్నారు. వచ్చి చేరినవాటికీ వెదకి తెచ్చుకొన్నవాటికీ ఎంత వ్యత్యాసమో ఒక్క ఉదాహరణతో చెప్పవచ్చు.

అహింసను పరమధర్మంగా చెప్పే సంస్కృత వాక్యం మనందరికీ తెలిసినదే. దానికి జంటగా, ధర్మం కొరకు చేసే హింస కూడా అంతటి ధర్మమే అనే అర్థంలో ఒక రెండవ భాగాన్ని అతికించి, “ఇది మహాభారత శ్లోకం, మనకు సగమే నేర్పి మిగిలిన సగాన్ని దాచిపెట్టారు” అనే వ్యాఖ్యతో ఒక సందేశం చాలాకాలంగా ఫోన్లలో తిరుగుతున్నది. ఉత్సవాల వేదికలపై కూడా కొందరు వక్తలు దీనిని చెప్పగా విన్నాము. సందేశంలో పర్వం పేరు ఉండదు, అధ్యాయసంఖ్య ఉండదు. అనుమానించవలసిన మొదటి లక్షణం ఇదే. ఏ గ్రంథం, ఎన్నవ పర్వం, ఎన్నవ అధ్యాయం అనే ప్రశ్నకు సమాధానం ఇవ్వని శ్లోకాన్ని, అది ఎంత మనసుకు నచ్చినా, ఒక పూట పక్కన పెట్టి వెదకడం మంచిది.

వెదకితే ఏమి తెలుస్తుంది? ఆ మొదటి మాట భారతంలో ఒకచోట గాక పలుచోట్ల ఉన్నది. ఆదిపర్వంలో పాములన్నింటిపై పగబట్టి వాటిని చంపుతూ తిరిగే రురువుకు డుండుభం ఈ మాటను చెబుతుంది. అరణ్యపర్వంలో మిథిలలోని ధర్మవ్యాధుడు కౌశికునికి చెబుతాడు. అనుశాసన పర్వంలో అంపశయ్యపై నున్న భీష్ముడు ధర్మరాజుకు చెబుతాడు. మూడుచోట్లా అతికించిన ఆ రెండవ భాగం కనబడదు. అనుశాసన పర్వంలో ఆ వాక్యం తరువాత వచ్చేది అహింసయే ఉత్తమమైన ఇంద్రియనిగ్రహమని, ఉత్తమమైన దానమని, ఉత్తమమైన తపస్సని సాగే స్తుతి. విష్ణుసహస్రనామం ఉన్నది కూడా ఈ అనుశాసన పర్వంలోనే అని భక్తులకు వేరుగా చెప్పనక్కరలేదు.

దీనిని ఇంటినుండే సరిచూడవచ్చు. పుణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థవారు 1919లో ప్రారంభించి 1966లో ముగించిన విమర్శనాత్మక ముద్రణ కొరకు దేశంలోని వివిధ లిపులలో ఉన్న 1,259 వ్రాతప్రతులను పరిశీలించారు. ఆ ముద్రణపాఠం మొత్తాన్ని జపాను పండితులు తోకునాగా గారు కంప్యూటరులోకి ఎక్కించగా, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ స్మిత్ గారు సరిచూచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. కావలసిన పదాన్ని ఇచ్చి అందులో వెదకవచ్చు.

ఆ ముద్రణను అంగీకరించనివారు, మనకు దాక్షిణాత్య పాఠమే ప్రమాణమనేవారు మన ప్రాంతంలో ఉన్నారు. వారి మాట త్రోసిపుచ్చదగినది కాదు. విమర్శనాత్మక ముద్రణలో మూలం నుండి తప్పించిన శ్లోకాలు అధస్సూచికలలోకి, అనుబంధాలలోకి వెళ్ళినవే గాని మాయం కాలేదు. కనుక పుట అడుగు భాగం కూడా చూడవలసి ఉంటుంది. పి.పి.ఎస్. శాస్త్రిగారు పరిష్కరించగా 1930 దశకంలో మద్రాసులోని వావిళ్ళవారు ప్రకటించిన దాక్షిణాత్యపాఠ మహాభారతం స్కాన్ రూపంలో దొరుకుతుంది. దానితోనూ పోల్చుకోవచ్చు.

ధర్మరక్షణకు ఆయుధం పట్టవలసిన సందర్భాన్ని గురించి భారతం మౌనం వహించలేదు. భీష్మపర్వంలోని భగవద్గీత పుట్టినదే ఆ సందర్భంలో. అహింసను అంతగా చెప్పిన ధర్మవ్యాధుడే, నాగలి దున్నినప్పుడు నేలలోని ప్రాణులు ఎన్ని చనిపోతున్నవో చూపి, లోకంలో బొత్తిగా హింస చేయనివాడు ఎవడున్నాడని కౌశికుని ప్రశ్నిస్తాడు. మాంసం అమ్ముకొని జీవించేవాడు అహింసను గురించి మాట్లాడడం, ఆ మాట వినడానికి తపస్సంపన్నుడైన బ్రాహ్మణుడు వెదకుకొంటూ రావడం వ్యాసుని ఘనత. అంతటి చర్చను విడిచిపెట్టి, ఎవరో కట్టిన అరశ్లోకానికి వ్యాసుని పేరు పెట్టి పిల్లలకు నేర్పితే, రేపు వారు దానిని మూలంలో వెదకి కనుగొనలేనప్పుడు మన మిగిలిన మాటలను కూడా అనుమానిస్తారు.

ఇక తెలుగు గ్రంథాలు ఎక్కడ ఉన్నవో చూద్దాము.

చిత్తూరు జిల్లాలో జన్మించి, కంప్యూటర్ శాస్త్రంలో 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్‌రెడ్డి గారు పది లక్షల గ్రంథాలను స్కాన్ చేయించి లోకానికి ఉచితంగా అందించవలెనని సంకల్పించారు. ఆ సంకల్పంలో భాగంగా మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వంటి విద్యాసంస్థలతో పాటు తిరుమల తిరుపతి దేవస్థానం, శృంగేరి మఠం వంటి ధార్మిక సంస్థలు కూడా ఈ పనిలో పాలుపంచుకొన్నవి. గ్రంథాలయాల అటకలపై చెదలపాలు కావలసిన వేలాది తెలుగు గ్రంథాలు ఆ విధంగా స్కాన్ అయినవి. తరువాతి కాలంలో ఆ వెబ్‌సైటు మూతపడినది గాని, అంతకుముందే అందులోని గ్రంథాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ భాండాగారంలోకి చేరినవి. అమెరికాలో 1996లో స్థాపితమైన ఈ సంస్థ లాభాపేక్ష లేనిది. పాత తెలుగు పుస్తకం కావలసినవారు నేడు మొదట తట్టవలసిన తలుపు ఇదే.

తలుపు తట్టినంత మాత్రాన తెరుచుకోదు. “తిక్కన భారతం అని టైపు చేశాము, ఏమీ రాలేదు” అని కొందరు భక్తులు మాతో అన్నారు. దానికి కారణం ఉన్నది. ఈ గ్రంథాల పేర్లను నమోదు చేసినవారు తెలుగు లిపిలో గాక ఆంగ్లలిపిలో నమోదు చేశారు. అందులోనూ ఒక పద్ధతి నిలకడగా లేదు. దీర్ఘం ఉన్నచోట అచ్చును రెండుమార్లు వ్రాశారు, సున్నా ఉన్నచోట ‘ఎన్’ అక్షరం పక్కన చిన్న గీత పెట్టారు, కొన్నిచోట్ల ఈ రెండూ చేయలేదు. గ్రంథకర్త పేరు ఉండవలసిన చోట సంపాదకుని పేరు, ఒక్కొక్కసారి ముద్రాపకుని పేరు కూడా చేరినవి. అందువలన పూర్తి పేరుతో గాక పేరులోని ఒక చిన్న ముక్కతో వెదకడం, ఆంగ్లలిపిలో రెండు మూడు విధాల వ్రాసి చూడడం, గ్రంథనామంతో దొరకకపోతే కవి పేరుతోనూ, అదీ కాకపోతే ప్రచురణకర్తల పేరుతోనూ ప్రయత్నించడం అలవరచుకోవలసి ఉంటుంది. కొంత ఓర్పు కావాలి. కొండపైకి మెట్లదారిన వచ్చే భక్తులకు ఓర్పును గురించి మేము చెప్పడం భావ్యం కాదు.

గ్రంథం దొరికిన తరువాత ముందుగా ముఖపత్రం చూడండి. ఎవరు పరిష్కరించారు, ఎవరు అచ్చు వేశారు, ఏ సంవత్సరం, ఎన్నవ ముద్రణ అనేవి అక్కడ ఉంటాయి. పీఠికలో ఏయే ప్రతులను ఆధారంగా తీసుకొన్నదీ సంపాదకుడు చెప్పి, పాఠాంతరాలను పుట అడుగున చూపినట్లయితే అది నమ్మదగిన ముద్రణ అని స్థూలంగా భావించవచ్చు. పుటల సంఖ్యలు వరుసగా ఉన్నవో లేవో కూడా గమనించండి. స్కాన్ చేసేవేళ రెండు కాగితాలు కలిసిపోయి తిరగడం వలన కొన్ని ప్రతులలో పుటలు లోపించినవి. ఒకే గ్రంథం వేర్వేరు గ్రంథాలయాల నుండి పలుమార్లు స్కాన్ అయి ఉండడం ఇటువంటప్పుడు అదృష్టమే. ఒక ప్రతిలో లేని పుట మరొకదానిలో దొరకవచ్చు.

స్కాన్ చేసిన పుట ఒక ఛాయాచిత్రం వంటిది. చదువుకోవచ్చు గాని అందులో పదాన్ని వెదకడానికి వీలుండదు. వెదకడానికి వీలైన అక్షరపాఠం కావలసినవారు తెలుగు వికీసోర్సును చూడవచ్చు. అక్కడ తెరపై ఒకవైపు పాతపుస్తకం పుట, మరొకవైపు దాని అక్షరపాఠం కనిపిస్తాయి. యంత్రం చదివి ఇచ్చిన పాఠాన్ని స్వచ్ఛంద సేవకులు పుటతో పోల్చి దిద్దుతారు. ఎంతవరకు దిద్దినదీ రంగుల ద్వారా తెలుస్తుంది. ఎరుపు రంగు పుట ఇంకా ఎవరూ దిద్దనిది. పసుపు రంగు పుటను ఒకరు దిద్దారు. ఆకుపచ్చ పుటను రెండవ వ్యక్తి కూడా సరిచూచారు. స్తోత్రం గాని శతకం గాని అచ్చు వేయించదలచిన దాతలు ఆకుపచ్చ పుటలనే తీసుకోవాలని, అప్పుడు కూడా మరొక అచ్చుపుస్తకంతో పోల్చుకోవాలని మా మనవి.

యంత్రం చదివినదానిని ఎందుకు నమ్మరాదో పాతపుస్తకం చూచినవారికి తెలుసు. మకార యకారాలు, ఘకార ఫకారాలు పాత అచ్చులో యంత్రానికి ఒకటిగా కనిపిస్తాయి. అరసున్న చుక్కగానో, అసలు లేనట్లుగానో మారిపోతుంది. వత్తులు పక్క అక్షరానికి అంటుకుంటాయి. సంస్కృత స్తోత్రాలలో అవగ్రహ చిహ్నం ఎగిరిపోతుంది. అది ఎగిరిపోతే లోపించిన అకారానికి ఆనవాలు ఉండదు, ‘లేదు’ అనే అర్థమిచ్చే అకారమైతే అర్థమే తలక్రిందులవుతుంది.

అక్షరపాఠంలో పద్యాన్ని వెదకేటప్పుడు మరొక చిక్కు ఉన్నది. ఇది మన భాషకు సంబంధించినది. ‘కమలము’ అనే మాట ఉన్న పద్యం మీకు గుర్తున్నది. కమలము అని వెదకితే దొరకలేదు. పద్యంలో ‘చూచెను’ అనే మాట తరువాత కమలము వచ్చి ఉంటే, సంధి కలిసి అది ‘చూచెఁ గమలము’ అయి ఉంటుంది. సరళాదేశం అని చిన్నప్పుడు వ్యాకరణంలో చదువుకొన్నదే ఇది. కాబట్టి కకారానికి గకారం, చకారానికి జకారం, టకారానికి డకారం, తకారానికి దకారం, పకారానికి బకారం పెట్టి మరల వెదకాలి. బండి ఱ ఉన్న మాటను సాధారణమైన ర పెట్టి కూడా చూడాలి. పద్యం మొదటి మాటకంటె మధ్యలో ఉన్న అరుదైన మాట ఎక్కువగా ఉపకరిస్తుంది. పిల్లలకు ఈ వెదకులాట నేర్పితే సంధులు వాటంతట అవే వస్తాయని మా అనుభవం.

అర్థం తెలియని మాట తగిలినప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటుశోధన ఎంతో ప్రయోజనకరం. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ నిఘంటువు మొదలైనవాటిలో ఆ మాటకు ఇచ్చిన అర్థాలను ఒకేసారి చూపుతుంది. ఇంతటి సంపదను కొద్దిమంది తమ తీరికవేళల శ్రమతో సమకూర్చి ఉచితంగా ఇస్తున్నారు. భాగవతం చదువదలచినవారికి పద్యం, ప్రతిపదార్థం, భావం ఒకచోట చూపే తెలుగు భాగవతం వెబ్‌సైటు ఉన్నది. తిరుమల తిరుపతి దేవస్థానం వారు తమ ప్రచురణలను అనేకం తమ ఈ-పుస్తకాల వెబ్‌సైటులో ఉంచారు. పాతకాలపు పత్రికలపై ఆసక్తి గలవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో ప్రారంభించిన ‘భారతి’ సంచికలను వెదకి చూడవచ్చు. ఆలయ చరిత్రలపై, శాసనాలపై అందులో వచ్చిన వ్యాసాలు నేటికీ విలువైనవి.

భాగవతం ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట. ఆంధ్ర మహాభాగవతమంతా పోతన రచన అని చాలామంది భావిస్తారు. పంచమస్కంధం గంగన రచన. షష్ఠస్కంధం సింగన రచన. ఏకాదశ, ద్వాదశ స్కంధాలు నారయ రచనలు. అజామిళోపాఖ్యానం ఆరవ స్కంధంలోనిది. గజేంద్రమోక్షం ఎనిమిదవ స్కంధంలోనిది, పోతనగారిదే. అజామిళుని కథలోని పద్యాన్ని పోతన పద్యమని ఎవరైనా పంపితే దోషం పెద్దది కాకపోవచ్చు గాని, సింగనకు చెందవలసిన గౌరవం ఆయనకు దక్కకుండా పోతుంది.

వేమన పద్యాల విషయం ఇంతకంటె క్లిష్టమైనది. సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించిన సంపుటిలో 693 పద్యాలున్నవి. 1839 నాటి ముద్రణలో అవి 1,164 అయినవి. తరువాతి సంకలనాలలో సంఖ్య వేలకు చేరింది. నేడు ఎవరికి తోచిన నీతిని వారు ఆటవెలదిలో కట్టి వేమన మకుటం తగిలించి పంపుతున్నారు. బ్రౌన్ ముద్రణలో లేనంత మాత్రాన పద్యం వేమనది కాదని తీర్పు చెప్పలేము, ఆయనకు దొరకని ప్రతులు తరువాతివారికి దొరికి ఉండవచ్చు. ఏ సంకలనంలో ఉన్నదో చెప్పగలిగితే చాలు. ఏ సంకలనంలోనూ లేక, ఆధునికమైన మాటలు దొర్లిన పద్యాన్ని మాత్రం ‘వేమన పేరిట ప్రచారంలో ఉన్న పద్యం’ అని చెప్పడం మర్యాద.

అన్నమాచార్య కీర్తనలకు ఇంత చిక్కు లేదు. తిరుమల సంకీర్తన భాండారంలో దొరికిన రాగిరేకుల ఆధారంగా వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన పండితులు పరిష్కరించిన సంపుటాలు ఉన్నవి, వాటికి అకారాది సూచికలు ఉన్నవి. పల్లవి మొదటి మాటతో సూచికలో చూడడానికి రెండు నిమిషాలకంటె ఎక్కువ పట్టదు.

ఉచితంగా లభించేవన్నీ ధర్మబద్ధంగా లభించేవి కావు. మన దేశపు చట్టం ప్రకారం గ్రంథకర్త మరణించిన సంవత్సరం ముగిసిన తరువాత మరి 60 ఏళ్ళ వరకు ఆయన రచనలపై వారసులకు హక్కు ఉంటుంది. 1919లో కీర్తిశేషులైన వీరేశలింగం పంతులుగారి రచనలు, 1946లో గతించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి రచనలు నేడు అందరివీ. వాటిని ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, పంచవచ్చు. 1976లో పరమపదించిన విశ్వనాథ సత్యనారాయణ గారి రచనలు 2037 జనవరిలో గాని ఆ స్థితికి రావు. ‘రామాయణ కల్పవృక్షం’ స్కాన్ ఎవరో పంపారని దానిని ఉచిత ప్రతులుగా వేయించి ఆలయంలో పంచుతామని ఒక భక్తుడు ముందుకు వచ్చినప్పుడు మేము సవినయంగా వారించవలసి వచ్చినది ఇందువల్లనే. దేవుని సన్నిధిలో చేసే దానం ఇతరుల సొత్తుతో చేయరాదు కదా. పాత మూలగ్రంథానికి హక్కు లేకపోయినా, దానికి ఇటీవలివారు వ్రాసిన తాత్పర్యానికి హక్కు ఉంటుందనేది కూడా మరువరాదు. ఇక, ఉచిత గ్రంథం ఇస్తామంటూ బ్యాంకు వివరాలో ఓటీపీయో అడిగే చోటినుండి వెంటనే బయటికి రండి. పైన చెప్పిన వాటిలో చదువుకోవడానికి అవి ఏవీ అవసరం లేదు.

కంటిచూపు తగ్గినవారికి ఫోన్‌లో స్కాన్ పుటలు చదవడం కష్టం. అటువంటివారికి ఇంట్లోని పిల్లలు గ్రంథాన్ని పెద్ద తెరపై చూపడమో, కావలసిన అధ్యాయాన్ని మాత్రం కాగితంపై పెద్ద అక్షరాలలో తీసి ఇవ్వడమో చేయవచ్చు. మనుమరాలు చదువుతుండగా తాతగారు వినడం ఇంకా మంచి పద్ధతి. తప్పు చదివితే దిద్దేవారు పక్కనే ఉంటారు.

దాతలకు ఒక విన్నపం. స్తోత్రపుస్తకం అచ్చు వేయించదలచినవారు ముద్రణాలయానికి పంపడానికి నెలరోజుల ముందు ఆ పాఠాన్ని మన కార్యాలయానికి పంపితే, ఆలయ వేదపండితులు సరిచూచి ఇస్తారు. దీనికి రుసుము లేదు. ఏ ముద్రణను అనుసరించినదీ పుస్తకం చివరిపుటలో ఒక్క పంక్తి వేయిస్తే చదివేవారికి ఎంతో మేలు.

మరొక విషయం. మన ఆలయ ప్రాంగణంలోని రావిచెట్టు మొదట్లో భక్తులు పాత దేవుని పటాలను, చిరిగిన పుస్తకాలను ఉంచి వెళ్ళడం అందరికీ తెలిసినదే. కొందరు వాటిని నదిలో కలుపుతారు. పూజ్యభావంతో చేసే పనియే అయినా, ఏమి కలుపుతున్నామో ఒకసారి చూచుకోవాలి. గత శ్రావణంలో ఆ చెట్టు క్రింద అట్ట లేని ఒక పాత శతక సంకలనం దొరికింది. అందులోని శతకాలను ఇంటర్నెట్ ఆర్కైవులో వెదకగా అదే ముద్రణ స్కాన్ కనిపించింది. ఆ స్కాన్‌లో రెండు పుటలు లేవు. చెట్టు క్రింద దొరికిన ప్రతిలో అవి ఉన్నవి, అంచులు పొడి అయినా అక్షరాలు చెడలేదు. మన గ్రంథాలయ సేవకులలో ఒక యువకుడు ఆ రెండు పుటలను స్కాన్ చేసి చేర్చి, మొత్తం సంపుటాన్ని వికీసోర్సులోకి ఎక్కించారు. ఇప్పటికి మూడవవంతు పుటలు పసుపు రంగుకు వచ్చినవి. మిగిలినవి ఎరుపులోనే ఉన్నవి. తెలుగు తప్పులు లేకుండా చదువగలిగి, రోజుకు ఒక పుట దిద్దగల తీరిక ఉన్నవారు ఏ ఊరిలో ఉన్నా ఈ పనిలో చేరవచ్చు. వివరాలకు ఆలయ గ్రంథాలయంలో సాయంకాలం ఐదు గంటల తరువాత విచారించగలరు.